ట్రంకు రోడ్డులో ఒకపూట ఇల్లు

మా బావమరిది పోయాడు.

పోయిన శుక్రవారం పొద్దున నెల్లూరు నుంచి మా విడవలూరుకు వచ్చే మొదటి బస్సు మా ఇంటి ముందు ఆగింది. రోజూ హారను కొట్టి చెయ్యి ఊపి పోయే డ్రైవరు ఆ రోజు ఇంజను ఆపి, దిగి, అరుగు దాకా వచ్చాడు. తలకు చుట్టుకున్న తువాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. "పెద్దాయనా, హోటలు మేనమామ పోయినాడు" అన్నాడు. అని, నా కంటే ముందు అతనే ఏడ్చాడు. బస్సులోవాళ్ళు కూడా ఒక్కొక్కరే దిగి వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. ఎవరికీ ఊరు చేరే తొందర లేనట్టే ఉంది.

నాకు వాడు బావమరిది. మా ఆవిడకు తమ్ముడు. మేనమామ అయ్యేది మా అమ్మాయి ఒక్కదానికే. మరి ఆ డ్రైవరుకు ఎట్లా మేనమామ అయ్యాడు? ఆ బస్సులోవాళ్ళకు ఎట్లా అయ్యాడు? నెల్లూరు కోర్టు గుమాస్తాలకూ, జట్కావాళ్ళకూ, మద్రాసు నుంచి సూట్లు వేసుకుని వచ్చే కంపెనీ మనుషులకూ ఎట్లా అయ్యాడు? అది చెబుదామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా చదువు అయిదో తరగతి. రాయడం పెద్దగా రాదు, చెప్పడం వచ్చు. కాబట్టి చెప్పినట్టే రాస్తాను. పోయినవాడిని పట్టుకుని 'వాడు' అంటున్నానని ఎవరూ తప్పు పట్టకండి. బావమరిదిని బావ 'వాడు' అనకపోతే ఇంకెవరంటారు? ఇంకొకటి కూడా. ఇలాంటివి రాసేటప్పుడు నవ్వకూడదని మా ఆవిడ చెప్పింది. చెప్పి, తమ్ముడి సంగతేదో గుర్తుకొచ్చి తనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. మా ఇంట్లో వారం రోజులుగా ఇదే వరస.

వాడు ఎట్లా పోయాడో ముందు చెప్పేస్తాను. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని కాఫీ గింజలు వేయిస్తున్నాడట. ఆ పని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. గుండెలో ఏదో పట్టినట్టయితే మూకుడు దించి పక్కన పెట్టి, ఆ పైన గోడకు ఆనుకున్నాడట. అంతే. "ఒక్క గింజ మాడలేదన్నా" అని వాడి ఇల్లాలు నాతో అంది. ఆమె నాకు చెల్లెలి వరస. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో దుఃఖంతో పాటు కొంచెం గర్వం కూడా కనిపించింది నాకు.

చిన్నతనంలోనే ఇంట్లో చెప్పకుండా మద్రాసు రైలెక్కినవాడు. అక్కడ హోటళ్ళలో గిన్నెలు కడిగాడు, పిండి రుబ్బాడు, సర్వరయ్యాడు, చివరికి మేనేజరు దాకా పోయాడు. నయాపైసలు వచ్చిన కొత్తలో నెల్లూరుకు తిరిగి వచ్చి ట్రంకు రోడ్డులో కాఫీ హోటలు పెట్టాడు. ముందు బల్లలు వేసిన గది, వెనక వంటిల్లు, దాని వెనక రెండు గదులు. ఆ రెండు గదుల్లో వాడూ, ఇల్లాలూ, ఒక్క కూతురూ కాపురం.

వాడికో అలవాటుంది. ఎవరైనా తింటుంటే ఎదురుగా నిలబడి చూసేవాడు. మర్యాద కాదురా అంటే వినేవాడు కాదు. తినేవాడు మింగితే వీడి గొంతు కదిలేది. కారందోసె తింటూ ఎవరైనా నాలుక చప్పరిస్తే చాలు, వీడు భుజం మీది తువాలుతో తన మూతి తుడుచుకునేవాడు.

హోటలు బాగా నడిచింది. బాగా నడిస్తే మనలాంటివాళ్ళం ఏం చేస్తాం? అర ఎకరా కొనుక్కుంటాం. వాడు మేడ కట్టాడు.

"మద్రాసులో పెద్ద హోటళ్ళకు మేడమీద హాలు ఉంటాది బావా. పెండ్లి విందులు, పుట్టినరోజులు, కంపెనీవోళ్ళ మీటింగులు, అన్నీ ఆడనే. మన నెల్లూరులో అట్టాంటిది ఒక్కటన్నా ఉండాదా?"

"ఇంటి ముందర పందిరి వేసుకుంటే చాలదంట్రా?"

"పందిరికి ఫాను యాడ తగిలిస్తావు బావా?"

ఉన్నదంతా పెట్టి కట్టాడు. ఆ మేడ నడవకపోతే కింద హోటలు కూడా నిలవదనీ, మళ్ళీ మద్రాసు రైలు ఎక్కవలసిందేననీ వాడికీ తెలుసు, మాకూ తెలుసు. ఫాన్లు పెట్టాడు, ట్యూబు లైట్లు పెట్టాడు, పింగాణీ ప్లేట్లు తెప్పించాడు. ఉపన్యాసాలకని మైకు కూడా పెట్టాడు. మేము చూడబోయిన రోజు మా ఆవిడ దాని ముందు నిలబడి, "తమ్ముడా, ఇది నిజంగా పలకతాదా?" అని అడిగింది. పలికింది. కింద ట్రంకు రోడ్డు మీద జట్కాలు ఆగిపోయాయి.

మొట్టమొదట హాలు తీసుకున్నది ఒక ఆయిలింజన్ల కంపెనీ. మా చుట్టుపక్కల రైతులనందరినీ పిలిచి, ఇంజను గొప్పతనం చెప్పి, భోజనం పెట్టి పంపాలని వాళ్ళ ఏర్పాటు. నన్నూ పిలిచారు. ఉతికిన పంచె కట్టుకుని పోయాను. ఉపన్యాసాలు బ్రహ్మాండంగా జరిగాయి. ఇంజను తప్ప ఈ లోకంలో ఇంకేమీ లేదనిపించింది. ఒంటిగంట అయింది. పొడుగాటి బల్ల మీద గంగాళాలు, గిన్నెలు వరసగా పెట్టారు. ఒక చివర ప్లేట్లు దొంతరగా పేర్చారు. కంపెనీ మేనేజరు అందరి వైపూ ఒకసారి చెయ్యి ఊపి, "ఇంక మొదలుపెట్టండి" అని, తన ఉద్యోగస్తులతో పోయి ప్లేటులో వడ్డించుకుని ఒక మూల నిలబడి తినడం మొదలుపెట్టాడు. ఎవరిది వారు తీసుకోవడమే తమ కంపెనీ పద్ధతి అనీ, వడ్డనకు మనుషులు వద్దనీ మా బావమరిదికి ముందే గట్టిగా చెప్పాడట. అందుకని వాడు కింద వంటింట్లోనే ఉండిపోయాడు.

మేమంతా గోడవార కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. ఎవరూ లేవరే. లేవమని చెయ్యి పట్టుకుని ఎవరు పిలిచారు? విస్తరి ఎక్కడ? పీట ఎక్కడ? పిలవకుండా ఎగబడి వడ్డించుకోవడానికి మేమేమన్నా కరువులోనుంచి వచ్చామా?

"అయ్యో పాపం, అంత పెద్ద ఉద్యోగస్తులు నిలబడుకోని తింటా ఉండారే" అన్నాడు నా పక్కనున్న పెద్ద రైతు.

"కుర్చీలన్నీ మనమే ఎక్కి కూర్చుంటే వాళ్ళేం జేస్తారు మరి?" అన్నాడు ఇంకొకాయన.

నిజమే కదా అనిపించింది. అందరమూ లేచాం. ఎవరి కుర్చీ వాళ్ళం ఎత్తుకుని పోయి మేనేజరు చుట్టూ వేశాం. "కూర్చోండి సార్, మొగమాటపడబాకండి. మాకు పొలాల్లో నిలబడుకునే అలవాటే" అన్నాడు పెద్ద రైతు. మేనేజరు నోటి నిండా పులిహోర. "థాంక్యూ, థాంక్యూ" అన్నాడు. వాళ్ళు కూర్చుని సుఖంగా తిన్నారు. మేము గోడకు ఆనుకుని నిలబడి, వాళ్ళది అయ్యాక మమ్మల్ని పిలుస్తారని చూశాం. వాళ్ళు చేతులు తుడుచుకున్నారు. మాకు తలా ఒక క్యాలెండరు ఇచ్చి నమస్కారం పెట్టారు. క్యాలెండరు ఇచ్చి నమస్కారం పెడితే ఇంక దాని అర్థం ఏమిటి? పొమ్మనే కదా. వెళ్ళిపోయారు అందరూ, ఖాళీ కడుపులతో.

నేను మాత్రం బావమరిది కోసం ఆగాను. వాడు పైకి వచ్చి నిండు గంగాళాలు చూసి కొయ్యబారిపోయాడు.

"ఉప్పు ఎక్కువైనాదా బావా?"

"ఎక్కువైనాదో లేదో తింటే గదా తెలిసేది."

"ఎందుకు తినలా?"

"ఎవురు పిలిచినారు?"

వాడు మెట్ల మీద చతికిలబడ్డాడు. తర్వాత, "కూర బాగుంటే చాలదు బావా, రా అనేవాడు ఉండాల" అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసార్లు విన్నాను గానీ, మొదటిసారి విన్నది ఆ మెట్ల మీదే.

మా రైతులు ఊరుకుంటారా? వారం తిరక్కుండా ఊళ్ళలో దానికి ఆకలి మేడ అని పేరు పెట్టేశారు. ఆ తర్వాత ఒక్కరంటే ఒక్కరు హాలు కావాలని రాలేదు. నెలలు గడిచాయి. ఒకసారి పోయి చూస్తే వాడి ఇల్లాలు, మా చెల్లెలు, ఆ ఫాన్ల కింద, పెద్ద బల్ల మీద వడియాలు ఆరబెట్టి ఉంది. "ఎండకంటే ఇదే మేలన్నా, కాకులు రావు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడు మాత్రం ఆ వడియాల పక్కన కూర్చుని, మద్రాసు రైలు టైములు ఎవరినో అడుగుతున్నాడు.

అట్లాంటి రోజుల్లోనే మా అమ్మాయికి సంబంధం కుదిరింది.

మా అమ్మాయి సంగతి కొంచెం చెప్పుకోనివ్వండి. ఇంక పిల్లలు లేరులే అని మేమిద్దరం మనసు సర్దుకున్నాక, నా మీసం నెరిశాక పుట్టిన బిడ్డ. ఆ పిల్ల నవ్వితే నాకు పొలం పండినట్టు, తుమ్మితే ఊరంతా జలుబు చేసినట్టు. పెండ్లికొడుకు బంగారం లాంటి పిల్లవాడు, కావలిలో బడిపంతులు. వాళ్ళ సొంత ఊరు ఆ పక్కనే బోగోలు. అన్నీ బాగున్నాయి. ఒక్కటే చిక్కు. పెండ్లికొడుకు పెదనాన్న. ఆ ఇంట్లో ఆయన మాటే మాట. ఆయన హోటల్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. కోర్టు పని మీద నెల్లూరు వచ్చినా ఇంటి నుంచి సద్దిమూట తెచ్చుకుని తినే మనిషి. "కూడు అమ్ముకునే చోట నేను చెయ్యి కడగను" అని అందరి ముందూ అనేవాడు.

మా ఆవిడేమో అప్పటికే తీర్మానం చేసేసింది. "నా తమ్ముడి మేడమీద నా కూతురి పెండ్లి భోజనాలు జరగకపోతే ఇంకెవురివి జరగతాయి? వాణ్ణి మళ్ళా రైలెక్కిస్తావా ఏంది?" అంది నాతో.

లగ్నాలు పెట్టుకునే రోజు ఆ పెద్దాయన అడిగాడు. "ముహూర్తం నెల్లూరులో పెన్న ఒడ్డు గుళ్ళో అన్నారు, సరే. భోజనాలు యాడ?"

నాకు దగ్గు వచ్చింది. మా ఆవిడకు రాలేదు. "మా తమ్ముడింట్లో అన్నగారూ. పెండ్లికూతురి మేనమామ ఇల్లు" అంది చల్లగా.

బండిలో తిరిగి వచ్చేటప్పుడు అడిగాను. "అది ఇల్లంటే?"

"మా తమ్ముడు రోజూ ఆడ నిద్రపోతాడు గదా. మనిషి నిద్రపోయేది ఇంట్లో గాక యాడయ్యా?"

ఈ సంగతి చెబితే మా బావమరిది ఒక కాఫీ తాగేంతసేపు ఆలోచించాడు. గ్లాసు కింద పెట్టాడు. "అక్క ఇల్లు అనిందా? అయితే ఇల్లే. ఆ పూటకి హోటలు లేదు."

పెండ్లినాటి పొద్దుటికి హోటలు లేదు. నిచ్చెన వేసి బోర్డు దించి మంచం కింద దాచాడు. రోజూ వంటకాల పేర్లు రాసే నల్లబల్లను గోడ వైపు తిప్పాడు. గల్లాపెట్టె బల్ల మీద ఇల్లాలి పెండ్లిచీర కప్పి, దాని మీద పసుపు కుంకాల పళ్ళెం పెట్టాడు. మా చెల్లెలు వాకిట్లో వేసిన ముగ్గు ట్రంకు రోడ్డు సగం దాకా పోయింది. జట్కావాళ్ళు దాన్ని తొక్కకుండా చుట్టు తిరిగి పోతున్నారు. గుమ్మానికి మామిడాకులు, రెండు పక్కలా అరటి పిలకలు. ఇంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. పాలు పోసే ఆయన దగ్గర ఒక బర్రెను అడిగి తెచ్చి గుమ్మం పక్కన కట్టేశాడు.

"ఇదెందుకురా?"

"బర్రె లేకపోతే అది ఇల్లెట్టా అయితాది బావా?"

ఆ బర్రెకు పట్నం నచ్చలేదు, అరటి పిలకలు నచ్చాయి. పెండ్లివారు గుడి నుంచి వచ్చేసరికి మొదళ్ళు మిగిలాయి.

గుళ్ళో తాళి కట్టేటప్పుడు నేను అక్షింతలు వెయ్యడం మరిచిపోయి, గుప్పిట్లో పట్టుకుని అట్లాగే ఏడుస్తూ నిలబడ్డాను. సంతోషం అంత బరువుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా బావమరిది నా చెయ్యి పట్టి పైకెత్తి, వాటిని పిల్లల మీద చల్లించాడు. చల్లించి, నా చెవిలో, "ఏడ్చింది చాలు బావా, పా. ఇల్లు ఎట్టా ఉండాదో చూసుకోవాల" అన్నాడు.

పెద్దాయన వచ్చాడు. మా బావమరిది చెంబుతో నీళ్ళు తెచ్చి రోడ్డు మీదనే వంగి ఆయన కాళ్ళు కడిగాడు. లోపల కూర్చోబెట్టి విసనకర్ర ఇచ్చాడు. పెద్దాయన విసురుకుంటూ నాలుగు వైపులా చూశాడు.

"ఇంటికి ఇన్ని బల్లలెందుకయ్యా?"

"బిడ్డ చదువుకునేదానికి పెద్దన్నా."

"ఎంతమంది బిడ్డలు?"

"ఒకతే. చానా చదువుతాది."

పెద్దాయన తల ఊపాడు. సర్వర్లు అటూ ఇటూ తిరుగుతున్నారు. అందరికీ ఒకే రకం ఖాకీ చొక్కాలు.

"ఈళ్ళెవురు?"

"మా తమ్ముళ్ళు పెద్దన్నా. ఒకే తానులో కుట్టించినా."

మా ఆవిడకు అంతమంది తమ్ముళ్ళున్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

సరిగ్గా అప్పుడు రోజూ వచ్చే కోర్టు గుమాస్తా వచ్చాడు. బర్రెను దాటుకుని, ముగ్గు తొక్కుకుని, తన మామూలు బల్ల దగ్గర కూర్చుని, పేపరు విప్పి గట్టిగా, "నాకు ఒక కారందోసె, ఎర్రగా కాల్చమను!" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా బావమరిది రెండు చేతులూ చాపి ఎదురుపోయాడు. "రా చిన్నాన్నా! పెండ్లికి రాలేదేమా అని ఇప్పుడే అనుకుంటా ఉండాం!"

"పెండ్లా? ఎవురి పెండ్లి? నాకు కోర్టుకు టయిమవతా ఉండాది, దోసె చాలబ్బా."

"మా చిన్నాన్నది తమాషా మనిషి పెద్దన్నా" అని చెప్పి, చంకలో చెయ్యి వేసి ఆయన్ను పేపరుతో సహా మెట్లెక్కించాడు.

ఆయన తర్వాత ఇద్దరు లారీవాళ్ళు వచ్చారు. వాళ్ళు బావలయ్యారు. బట్టలకొట్టు ఆయన వచ్చాడు, తాతయ్యాడు. టీకని వచ్చిన పోస్టుమాను అల్లుడయ్యాడు. డబ్బు తీసుకుంటే అది హోటలైపోతుంది, తినకుండా పొమ్మంటే అది ఇల్లు కాకుండా పోతుంది. వాడికి మూడో దారి లేదు. వచ్చినవాడినల్లా ఏదో ఒక వరస పెట్టి పిలిచి పైకి పంపుతున్నాడు. మేడమీద బల్లలు గోడకు చేర్చి, చాపలు పరిచి అరిటాకులు వేశారు. పెద్దాయన్ను బంతి మొదట్లో కూర్చోబెట్టాం. పైన తిరిగే ఫాను వైపు చూసి, "గాలి బాగుండాది" అన్నాడు. మా ఆవిడ నా వైపు గర్వంగా చూసింది.

వడ్డన మొదలైంది. బూరెలు పడ్డాయి, పులిహోర పడింది. పెద్దాయన ముద్ద నోట్లో పెట్టాడు, అందరూ పెట్టారు. నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. అప్పుడు కింద కావలి బస్సు ఆగిన చప్పుడైంది.

ఆ బస్సు రోజూ అక్కడ కాఫీకి ఆగుతుందన్న సంగతి మేమెవరమూ తలచుకోలేదు. "కాఫీ! కాఫీ!" అంటూ జనం దిగారు. మా బావమరిది నేతి గిన్నె చేతిలో పట్టుకునే మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. మరునిమిషంలో బస్సు బస్సంతా మేడ ఎక్కుతోంది. ముసలివాళ్ళు, పిల్లతల్లులు, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకున్న ఒకాయన, అందరి వెనకా డ్రైవరు. పోయిన శుక్రవారం మా వాకిట్లో తువాలు విప్పినది ఆ డ్రైవరే. అప్పట్లో కావలి బస్సు నడిపేవాడు.

"ఈళ్ళంతా ఎవురయ్యా?" అన్నాడు పెద్దాయన.

"మా... మేనత్త తరపు పెద్దన్నా."

అన్నం తరిగిపోతోంది. వంటాయన కింద దోసెల పిండి, ఇడ్లీలు, ఉప్మా, ఉన్నదంతా పైకి పంపాడు. బూరెల పక్కన ఇడ్లీ వడ్డించిన పెండ్లి మాది ఒక్కటే అయి ఉంటుంది. అయినా ఎవరికీ లోటు రాలేదు. ఇంకొక్క పది నిమిషాలు గడిస్తే గట్టెక్కుతాం అనుకున్నాను.

అప్పుడు ఆ బస్సులో దిగినవాళ్ళలో బోగోలు నుంచి వచ్చిన తమలపాకుల సాయిబుగారు ఎదురు బంతిలో నుంచి పెద్దాయన్ను చూశాడు. ఒకే ఊరివాళ్ళు, మంచి స్నేహితులు. ఆయన గొంతు సంతలో అరిచి అరిచి పెరిగిన గొంతు.

"ఏం పెద్దన్నా! హోటలు నీళ్ళు ముట్టనంటావు, ఈడ కూర్చోని లాగిస్తా ఉండావే! ఈ హోటల్లో కాఫీ బ్రెమ్మాండం. తాగకుండా లెయ్యబాక!"

ఫాన్ల చప్పుడు వినిపిస్తోంది. పెద్దాయన చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. బంతిలో పెద్దవాడు లేస్తే అందరూ లేవాలి. ముద్ద నోట్లో ఉన్నవాడైనా లేవాలి. పెండ్లివారు, లారీవాళ్ళు, బస్సువాళ్ళు, అందరి చేతులూ ఆగిపోయాయి. ఆయన లేచాడంటే నా బిడ్డ పెండ్లి భోజనం సగంలో ఎత్తేసినట్టు. ఆ మేడ మీద ఇంక ఎప్పటికీ ఎవరూ కాలు పెట్టరు. మా అమ్మాయి పెండ్లికొడుకు పక్కన కూర్చుని తల వంచుకుంది. మా ఆవిడ తూర్పు తిరిగి దణ్ణం పెట్టింది.

పెద్దాయన సాయిబుగారినే అడిగాడు. "నిన్నెవురు పిలిచినారు ఈడికి?"

"ఈయనే. కాఫీ అడిగితే చెయ్యి పట్టుకోని తెచ్చి కూర్చోబెట్టినాడు. మామా అన్నాడు. ఎందుకో నాకూ తెలవదు."

పెద్దాయన మా బావమరిది వైపు తిరిగాడు. "ఎవురయ్యా నువ్వు, ఈళ్ళందరికీ?"

వాడు నేతి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహాన చెమట. వణికిపోతాడనుకున్నాను. వణకలేదు.

"నేను పెండ్లికూతురి మేనమామను పెద్దన్నా. ఈళ్ళకు ఏమవతానో నాకూ తెలవదు. ఆకలేసి వచ్చినారు, పిలిచినా. ఇది హోటలే, ఇంక దాచేదెందుకు. నువ్వు లేస్తే బంతి లేస్తాది. లేస్తావా, నెయ్యి పొయ్యమంటావా?"

ఆయన వాడిని చూశాడు. ఎదురు బంతిలో చెయ్యి ఆపుకుని కూర్చున్న పిల్లతల్లిని, ట్రంకుపెట్టె ఆయన్ను చూశాడు. తన ఆకు చూసుకున్నాడు.

"పొయ్యి. చెయ్యి ఎండతా ఉండాది."

వాడు పోశాడు. గిన్నెడూ పోసేశాడు. పెద్దాయన ముద్ద కలిపి మింగి, తీరుబడిగా అన్నాడు. "హోటలని నాకు కాళ్ళు కడిగినప్పుడే తెలుసు. ఇంట్లోవోళ్ళు ఎవురికన్నా అంత మర్యాద చేస్తారా? ఒక్క బిడ్డ ఇన్ని బల్లల మీద చదివితే ఈపాటికి కలెక్టరై ఉండాల్సింది. ఏం మేనమామా, ఇంకో బూరె ఇటు పంపిస్తావా లేదా?"

హాలు కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. అంతే, ఇంక అందరికీ ఆ పిలుపే దొరికింది. "మేనమామా, సాంబారు!" "మేనమామా, ఇటు ఒక అప్పడం!" కోర్టు గుమాస్తా పేపరు చంకలో పెట్టుకుని, "మేనమామా, నా దోసె ఇంకా రాలే!" అన్నాడు. తనను చిన్నాన్న చేసినవాడిని తను మేనమామ అనడం ఏమి వరసో ఆ దేవుడికే తెలియాలి. బస్సు ఆలస్యమైందని డ్రైవరు ఒక్కడూ కంగారుపడలేదు. రెండోసారి పరమాన్నం పెట్టించుకున్నాడు.

ఆ బస్సులో తిన్నవాళ్ళు ఎన్ని ఊళ్ళవాళ్ళో! అన్ని ఊళ్ళకూ ఈ కథ పాకిపోయింది. ఆ మాఘమాసం నుంచే హాలు కావాలని జనం రావడం మొదలుపెట్టారు. బారసాలలు, పెండ్లిచూపులు, రిటైరయిన హెడ్మాస్టర్ల సన్మానాలు. ఆయిలింజన్ల కంపెనీ కూడా మళ్ళీ వచ్చింది. వాడు ఒకటే షరతు పెట్టాడు. "పద్ధతి మీదే ఉండనీండి. నిలబడి తినండి, ప్లేట్లు పట్టుకోని తిరగండి. పిలిచేది మాత్రం నేనే." సూటు వేసుకున్న ఉద్యోగస్తుడి భుజం మీద చెయ్యి వేసి, "లే అల్లుడూ, చల్లారిపోతాది" అనేవాడు. మద్రాసు నుంచి వచ్చిన పై అధికారి ఒకాయన ఈయనెవరని అడిగితే, ఈ ఊరి మేనమామ అని చెప్పారట. ఆయన కొంచెం ఆలోచించి, "మా కంపెనీలో ఈ పోస్టు లేదే" అన్నాడట. దాన్ని తలుచుకుని మా బావమరిది వారం రోజులు నవ్వాడు.

గొప్పవాడైపోయాడని నేను చెప్పడం లేదు. చివరిదాకా కోపమొస్తే పప్పుగరిటె విసిరేవాడు. ఎచ్చులు చెప్పేవాడు. నన్ను పేకాటలో మోసం చేసేవాడు. కానీ వాడు పిలిస్తే మాత్రం కడుపు నిండినవాడికి కూడా మళ్ళీ ఆకలయ్యేది. అది నేను ఎక్కడ కావాలంటే అక్కడ చెబుతాను.

పోయిన నెల మా మనవరాలికి అన్నప్రాశన. అవునండీ, నాకు మనవరాలు పుట్టింది! ఆ ముక్క ఇంతసేపు రాయకుండా ఎట్లా ఆగానో నాకే ఆశ్చర్యంగా ఉంది. ముద్దుముద్దుగా ఉంటుంది, పండు లాంటి పిల్ల. ముహూర్తం ఎక్కడ పెట్టుకుందామని అడగబోతే, బోగోలు పెద్దాయన దగ్గరి నుంచే ముందుగా మనిషి వచ్చాడు. "మేనమామ మేడమీదనే. ఇంట్లో అయితే గాలాడదని చెప్పమన్నాడు" అన్నాడు ఆ వచ్చినాయన. మా బావమరిది ఆ మాట నా చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ రోజుకని తెల్లకోటు కుట్టించుకున్నాడు. మా అమ్మాయి పాపను వాడి ఒళ్ళో కూర్చోబెట్టింది. ఉంగరంతో పరమాన్నం తీసి నాలుకకు రాశాడు. పాప చప్పరించింది. కళ్ళు పెద్దవి చేసింది. ఇంకా కావాలన్నట్టు తనే గిన్నెలో చెయ్యి ముంచేసి, ఆ చేత్తో వాడి గుండె మీద చరిచింది. తెల్లకోటు మీద బెల్లం రంగులో చిన్న చెయ్యి అచ్చు పడింది. మా ఆవిడ తడిగుడ్డతో పరుగెత్తుకొచ్చింది.

"తుడవబాక అక్కా. ఉండనీ."

భోజనాలయ్యాయి. జనం మెట్లు దిగుతున్నారు. వాడు మెట్ల మీది మలుపులో నిలబడి ఒక్కొక్కరికీ చేతులు జోడిస్తున్నాడు. దిగేవాళ్ళంతా వాడి కోటు చూసి నవ్వుతున్నారు. నవ్వినప్పుడల్లా వాడు గుండీ పక్కన ఆరిపోతున్న ఆ అయిదు చిట్టి వేళ్ళ వైపు చూసుకుని, ఛాతీ ఇంకొంచెం ముందుకు పెట్టి నిలబడుతున్నాడు.